ఐర్లండ్‌లో ఒంటరి బ్యాక్‌ప్యాకింగ్: హాస్టళ్ళలో తోడు దొరకాలంటే

ఐర్లండ్‌కి ఒక్కరే బయల్దేరుతున్నామని చెప్పగానే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న "తోడెవరూ లేరా?" అనే. తోడు అక్కడ దొరుకుతుంది. అందుకు మీరు మహా కలుపుగోలు మనిషి అయి ఉండక్కర్లేదు, గిటార్ వాయించక్కర్లేదు, మందు అలవాటు అసలే అక్కర్లేదు. ఏ రూటు పట్టుకున్నారు, ఎలాంటి హాస్టల్ చూసుకున్నారు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య ఎక్కడ కూర్చున్నారు అన్న మూడింటి మీదే ఎక్కువ భాగం ఆధారపడి ఉంటుంది.

హాస్టల్ అంటే అమీర్‌పేట హాస్టల్ గుర్తుకొస్తే దాన్ని కాసేపు పక్కన పెట్టండి. ఇక్కడ రాత్రికి ఇంత అని మంచం అద్దెకిస్తారు. గదిలో నాలుగు నుంచి పన్నెండు దాకా బంకులు, ఉమ్మడి బాత్రూములు, చాలా చోట్ల ఉమ్మడి వంటగది. పద్దెనిమిదేళ్ళ జర్మన్ కుర్రాడి పైబంకులో రిటైరైన కెనడా టీచర్ పడుకుని ఉండటం మామూలు విషయం.

1. వీసా సంగతి ముందు తేల్చుకోండి

ఐర్లండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది, అక్కడ నడిచేవి యూరోలే, కానీ అది షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో లేదు. ఫ్రాన్స్ కోసమో ఇటలీ కోసమో తీసుకున్న షెంగెన్ వీసా ఇక్కడ పనికిరాదు. భారతీయ పాస్‌పోర్టుతో వెళ్ళేవాళ్ళు షార్ట్ స్టే 'సి' వీసా తీసుకోవాలి. గరిష్ఠంగా 90 రోజులు ఉండొచ్చు. సింగిల్ ఎంట్రీ ఫీజు 60 యూరోలు, వీసా కేంద్రం వాళ్ళ ఛార్జీలు అదనం. వీసా చేతికి వచ్చేదాకా హాస్టళ్ళను ఉచితంగా రద్దు చేసుకునే పద్ధతిలోనే బుక్ చేయండి.

ద్వీపంలో ఉత్తర భాగం యూకేది. బెల్‌ఫాస్ట్, డెరీ, జెయింట్స్ కాజ్‌వే అన్నీ అటువైపే. దారిలో చెక్‌పోస్టు ఏమీ ఉండదు. రోడ్డు అంచున పసుపు గీతలు తెల్లగా మారతాయి, బోర్డుల మీద కిలోమీటర్లు మైళ్ళవుతాయి, అంతే. ఆపేవాడు లేడు కదా అని వీసా లేకుండా దాటకండి. ఎప్పుడైనా బస్సు ఆపి కాగితాలు అడిగితే సమాధానం ఉండాలి. 2014లో మొదలైన బ్రిటిష్-ఐరిష్ వీసా స్కీమ్ కింద, విజిట్ వీసా స్టిక్కర్ మీద 'బీఐవీఎస్' అని ఉంటే ఒకే వీసాతో రెండు వైపులా తిరగొచ్చు. ఏ దేశం వీసా ఇచ్చిందో ముందు ఆ దేశంలో దిగాలి.

డబ్లిన్‌లో చదువుకుంటున్న మనవాళ్ళు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఐరిష్ స్టూడెంట్ అనుమతి బెల్‌ఫాస్ట్‌కి సరిపోదు, యూకే వీసా వేరే కావాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. డొనెగల్ కౌంటీ ఐర్లండ్‌దే అయినా, డబ్లిన్ నుంచి అక్కడి లెటర్‌కెన్నీకి వెళ్ళే బస్సు మధ్యలో ఉత్తర ఐర్లండ్ గుండా పోతుంది. స్లైగో మీదుగా వెళ్తే ఆ తలనొప్పి ఉండదు.

హాస్టల్‌లో రోజుకు కొన్ని గంటలు పని చేస్తే మంచం ఉచితం అనే ప్రకటనలు కనిపిస్తాయి. జీతం లేకపోయినా అది పని కిందికే వస్తుంది, విజిట్ వీసా మీద కుదరదు. యూరప్ పాస్‌పోర్టు ఉన్న స్నేహితుడు చేస్తున్నాడని మీరు చేరకండి.

2. అందరూ వెళ్ళే రూటే పట్టుకోండి

ట్రావెల్ సలహాలన్నీ "జనం వెళ్ళని చోటికి వెళ్ళండి" అంటాయి. స్నేహాలు కావాలనుకుంటే నేను దానికి ఉల్టా చెప్తాను. బస్సులూ రైళ్ళ మీద తిరిగే బ్యాక్‌ప్యాకర్లు దాదాపు ఒకే చుట్టు తిరుగుతారు: డబ్లిన్, గాల్వే, డూలిన్, డింగిల్ లేదా కిలార్నీ, కార్క్, మళ్ళీ డబ్లిన్. దేశం చిన్నది, హాస్టళ్ళు ఉన్న ఊళ్ళు కొన్నే. గాల్వేలో పొద్దున టోస్టర్ దగ్గర రెండు ముక్కలు మాట్లాడిన అమ్మాయే రెండు రోజుల తర్వాత డూలిన్ బస్టాపులో కనిపిస్తుంది. నాలుగు రోజులకు కిలార్నీలో కనిపించేసరికి ఇద్దరూ చిన్ననాటి స్నేహితుల్లా అరుచుకుంటారు. మొదటి పరిచయంలోనే ఎక్కడలేని చొరవ చూపించాల్సిన అవసరం అందుకే లేదు. రూటే మిమ్మల్ని మళ్ళీ కలుపుతుంది.

రెండు వారాలుంటే ఇలా పంచుకోవచ్చు: డబ్లిన్‌లో రెండు రాత్రులు, గాల్వేలో మూడు, డూలిన్‌లో రెండు, డింగిల్, కిలార్నీ కలిపి నాలుగు, కార్క్‌లో రెండు, చివరి రాత్రి డబ్లిన్. వీలైనంతవరకు ఒక్క రాత్రితో సరిపెట్టకండి. మొదటి సాయంత్రం ముఖాలు చూసుకోవడానికే సరిపోతుంది, మాటలు కలిసేది రెండో సాయంత్రమే.

డబ్లిన్‌లో గాల్వే, కార్క్, కిలార్నీ వైపు రైళ్ళు హ్యూస్టన్ స్టేషన్ నుంచి, స్లైగో, బెల్‌ఫాస్ట్ వైపు రైళ్ళు కానొలీ నుంచి బయల్దేరతాయి. గాల్వేకి రైల్లో సుమారు రెండున్నర గంటలు, ప్రైవేటు కోచ్‌లు కూడా చాలా ఉన్నాయి. గాల్వే నుంచి 350 నంబరు బస్సు బరెన్ రాతినేల పక్కగా డూలిన్, సముద్రపు అంచునున్న మోహర్ కొండచరియల మీదుగా ఎన్నిస్ దాకా వెళ్తుంది. వేసవిలో అయితే ఇంకా అందమైన దారి ఒకటుంది. గాల్వే నుంచి రోసవీల్ రేవుకు బస్సు, అక్కడి నుంచి నలభై నిమిషాల పడవలో ఆరన్ దీవుల్లో పెద్దదైన ఇనిష్ మోర్, ఒక రాత్రి అక్కడే ఉండి, మర్నాడు నేరుగా డూలిన్‌కి పడవ. పగటి టూరిస్టులంతా సాయంత్రం పడవకు వెళ్ళిపోయాక దీవిలో మిగిలేది ఊరివాళ్ళూ, హాస్టల్ జనమూ. ఆ రాత్రి ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండా ఉండలేరు.

మే, జూన్, సెప్టెంబర్ నెలలు నాకు నచ్చుతాయి. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురుంటుంది. జులైలో గాల్వే ఆర్ట్స్ ఫెస్టివల్, ఆ నెలాఖరున అక్కడే గుర్రప్పందేలు. ఆ రోజుల్లో గాల్వేలో మంచం దొరకదు, దొరికినా ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆగస్టు మొదటి సోమవారం సెలవు, ఆ వారాంతం దేశమంతా ప్రయాణంలో ఉంటుంది, ముందే బుక్ చేసుకోండి.

3. హాస్టల్ ఫొటోల్లో టేబుల్ చూడండి

డార్మ్ (అందరూ పంచుకునే గది)లో మంచం ఊరినీ సీజన్‌నీ బట్టి 25 నుంచి 50 యూరోల దాకా ఉంటుంది. డబ్లిన్‌లో శుక్ర, శనివారాల్లో అది కూడా దాటుతుంది. అందుకే డబ్లిన్‌ని వారం మధ్యలో పెట్టుకోండి.

రేటింగ్ కన్నా ముందు ఫొటోలు చూడండి. వంటగది ఉందా? ఉంటే అందులో పదిమంది ఒకే చోట కూర్చునే పొడుగాటి టేబుల్ ఉందా, కాఫీ షాపులోలా ఇద్దరిద్దరికి చిన్న టేబుళ్ళా? పొడుగాటి టేబుల్ ఉన్నదే తీసుకోండి, గోడల రంగు వెలిసినా ఫరవాలేదు. రాజధానిలోని వందల మంచాల హాస్టళ్ళు శుభ్రంగా, హోటల్లా ఉంటాయి, కింద బార్ ఉంటుంది, వంటగది ఉండకపోవచ్చు. అక్కడికి పెళ్ళికి ముందు పార్టీ చేసుకునే గుంపులూ, స్కూలు ట్రిప్పులూ వస్తాయి. పదిహేనుమంది గుంపుగా వచ్చినవాళ్ళకి పదహారో మనిషి అక్కర్లేదు.

తర్వాత రివ్యూలు చదవండి. "ఒంటరిగా వచ్చాను, స్నేహితులు దొరికారు" అని రాసినవాళ్ళు ఈ మధ్య కాలంలో ముగ్గురు నలుగురు కనిపిస్తే చాలు. గది ఆరు మంచాలదైతే బాగుంటుంది. నాలుగింటిలో ముగ్గురు ఒకే గుంపైతే మీరు అతిథిలా మిగిలిపోతారు, పన్నెండింటిలో ఎవరు ఎవరో తెలియదు. ఆడపిల్లలకి చాలా హాస్టళ్ళలో విడిగా మహిళల డార్మ్ ఉంటుంది. మొదటి రెండు రాత్రులు అందులో తీసుకుని, అలవాటయ్యాక మిగతాది ఆలోచించుకోండి.

ఐర్లండ్‌లో యూత్ హాస్టళ్ళ సంఘం 'అన్ ఓయ్‌గ' 1931 నుంచి ఉంది. దాని హాస్టళ్ళు కొన్ని కొండల దగ్గర, నడకదారుల దగ్గర ఉంటాయి. నడవడానికి వచ్చేవాళ్ళ సావాసం కావాలంటే అలాంటివి వెతకండి. అక్కడ మాటలు బాగుంటాయి.

4. బ్యాగులో ఏం పెట్టాలి

నలభై లీటర్ల బ్యాగు చాలు. గొడుగు వద్దు, అట్లాంటిక్ గాలికి అది నిమిషంలో వెనక్కి తిరుగుతుంది. హుడ్ ఉన్న రెయిన్ జాకెట్ కొనండి. మన మూడు పిన్నుల ప్లగ్ అక్కడ పట్టదు, బ్రిటన్‌లో వాడే చదరపు పిన్నుల అడాప్టర్ కావాలి. లాకర్‌కి తాళం, స్నానాలగదికి రబ్బరు చెప్పులు, తువ్వాలు, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు, కళ్ళకి గంత. గురక పెట్టేవాళ్ళు ప్రతి దేశంలోనూ ఉన్నారు.

తిండి విషయంలో ఒక ముఖ్యమైన నియమం: యూరోపియన్ యూనియన్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తేకూడదు. అంటే చికెన్ పచ్చడి, గోంగూర మటన్, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలేయాలి. అమ్మ బాధపడుతుంది, తప్పదు. ఆవకాయ, కందిపొడి లాంటివి సీల్ చేసిన చిన్న ప్యాకెట్లలో పెట్టుకోండి, ఒకదాని మీద ఒకటి రెండు జిప్ కవర్లు వేయండి. పొడిలో నెయ్యి కలపలేదని ముందే ఇంట్లో కనుక్కోండి. బియ్యం, పసుపు, పచ్చిమిర్చి మోసుకెళ్ళక్కర్లేదు, సూపర్‌మార్కెట్లలో దొరుకుతాయి. కరివేపాకు, ఆవాలు కావాలంటే డబ్లిన్‌లో మూర్ స్ట్రీట్ చుట్టుపక్కల ఆసియా దుకాణాలున్నాయి.

5. హాస్టల్‌లో అడుగుపెట్టిన మొదటి గంట

చాలా హాస్టళ్ళలో గది మధ్యాహ్నం రెండు మూడింటికి గానీ ఇవ్వరు. ముందే చేరితే బ్యాగు అక్కడ పెట్టి ఊరు చూసి రండి. చెక్-ఇన్ చేసేటప్పుడు రిసెప్షన్‌లో ఉన్న మనిషిని రెండు ప్రశ్నలు అడగండి: ఈ రాత్రి ఇక్కడ ఏదైనా కార్యక్రమం ఉందా, ఒంటరిగా వచ్చినవాళ్ళు ఎక్కువగా ఎక్కడ కూర్చుంటారు. వాళ్ళలో చాలామంది తామూ ప్రయాణాలు చేస్తూ అక్కడ ఆగినవాళ్ళే. మీ ప్రశ్న వాళ్ళకి వింతగా అనిపించదు. ఒక్కోసారి "అదిగో, ఆ కుర్రాడు కూడా ఇప్పుడే వచ్చాడు" అని వాళ్ళే కలిపేస్తారు.

గదిలోకి వెళ్ళాక ఎవరైనా ఉంటే ఒక హాయ్, మీ పేరు, అంతే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ళని కదపకండి. మంచం సర్దుకుని, సామాను తాళం వేసి, బయటికి వచ్చేయండి. గదిలో మంచం మీద ఫోను పట్టుకుని కూర్చుంటే ఆ సాయంత్రం అక్కడితో సరి. ఫోన్ ఛార్జింగ్ కూడా హాల్లోనే పెట్టుకోండి. అదే టేబుల్ దగ్గర ఇంకొకరు ప్లగ్ కోసం వెతుక్కుంటూ వస్తారు.

6. వంటగది: అసలు పని ఇక్కడే

సాయంత్రం ఆరయ్యేసరికి బయట తిరిగినవాళ్ళంతా ఆకలితో వస్తారు. బయట తింటే మామూలు భోజనానికే పదిహేను, ఇరవై యూరోలు అవుతుంది కాబట్టి అందరూ వంటగదికే చేరతారు. డూలిన్‌లాంటి ఊళ్ళో వాన కురుస్తున్న సాయంత్రాన్ని ఊహించుకోండి. కుర్చీల వీపుల మీద తడి జాకెట్లు, నాలుగు బర్నర్లకి ఏడుగురు జనం, గీతలు పడిన నాన్‌స్టిక్ పెనం ఒకటి, టమాటాని కూడా కోయలేని కత్తి ఒకటి. ఎదురుచూపులు తప్పవు, పక్కవాళ్ళతో మాట్లాడకా తప్పదు. "ఈ స్టవ్ ఎలా వెలిగించాలి?" అన్నదానికన్నా మంచి పరిచయ వాక్యం నేను వినలేదు. ఎందుకంటే అది నిజంగానే ఎవరికీ తెలియదు.

షాపుకి వెళ్ళేముందే 'ఫ్రీ' అని రాసిన అర చూడండి. వెళ్ళిపోయినవాళ్ళు వదిలేసిన ఉప్పు, నూనె, సగం పాస్తా ప్యాకెట్లు, టీ పొట్లాలు అక్కడుంటాయి. మీరు కొన్నవి సంచిలో వేసి, పేరూ వెళ్ళిపోయే తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. పేరు లేని సంచిని శుభ్రం చేసేవాళ్ళు నిర్దాక్షిణ్యంగా పారేస్తారు.

ఇక వంట. నా ఓటు నిమ్మకాయ పులిహోరకే. అన్నం, నిమ్మకాయలు, పసుపు, పచ్చిమిర్చి, వేరుశనగలు. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, ఒక్క బర్నర్ చాలు, మాంసం తినేవాళ్ళూ తినొచ్చు, పాలు కూడా ముట్టని వీగన్లూ తినొచ్చు. పసుపు రంగు చూసి టేబుల్ అవతలి చివర నుంచి కూడా తలలు తిరుగుతాయి. పోపు దగ్గర మాత్రం జాగ్రత్త. కాగిన నూనెలో ఎండుమిర్చి వేశారా, వంటగది మొత్తం దగ్గు అందుకుంటుంది. పొగ ఎక్కువైతే ఫైర్ అలారం మోగి హాస్టల్ అంతా నైట్ డ్రస్సుల్లో వానలో నిలబడుతుంది. అందరితో ఒకేసారి పరిచయమైపోతుంది నిజమే గానీ ఆ పద్ధతి నేను సిఫారసు చేయను. మంట తగ్గించి, ముందు వేరుశనగలు వేయించి, మిర్చి చివర్లో వేసి వెంటనే దించేయండి. కిటికీ తెరవడం మరిచిపోవద్దు.

ఒక మనిషికి సరిపడా కన్నా కాస్త ఎక్కువ వండండి. "ఎక్కువైపోయింది, కొంచెం రుచి చూస్తారా?" అంటే దాదాపు ఎవరూ కాదనరు. పెట్టేముందు వేరుశనగలు ఉన్నాయని తప్పకుండా చెప్పండి. అక్కడ పల్లీల అలర్జీ ప్రాణం మీదికి తెచ్చేంత తీవ్రంగా ఉన్నవాళ్ళు ఎదురవుతారు, వాళ్ళు ముందు అడిగేది అదే. ఆవకాయ అడిగినవాళ్ళకి చెంచా కొన మీద వేయండి, పక్కన పెరుగు ఉంచండి. మనలాగా "ఇంకాస్త, ఇంకాస్త" అని కొసరి కొసరి వడ్డించకండి. వద్దన్నారంటే వద్దనే అర్థం.

తిన్నాక గిన్నెలు వెంటనే కడగాలి, ఇది హాస్టల్ మొదటి నియమం. ఒకరు కడుగుతుంటే ఇంకొకరు తువ్వాలు తీసుకుని తుడవడం మొదలుపెడితే చాలు, ఎదురెదురుగా ముఖాలు చూసుకునే ఇబ్బంది లేకుండా మాటలు వాటంతటవే సాగుతాయి. బిడియం ఉన్నవాళ్ళకి దీన్ని మించిన చోటు లేదు.

ఏం మాట్లాడాలి? నిన్న ఎక్కడున్నారు, రేపు ఎక్కడికి, అక్కడి హాస్టల్ ఎలా ఉంది. ఈ మూడూ అవతలివాళ్ళకీ పనికొచ్చే సమాచారమే, కాబట్టి సంభాషణ లాగాల్సిన పని ఉండదు. జీతం, పెళ్ళి, వయసు మన రైళ్ళలో అయితే మొదటి పది నిమిషాల్లో తేలిపోతాయి. అక్కడ అవి వాళ్ళే చెప్పేదాకా ఆగండి.

మన తెలుగువాళ్ళు తగలడం కూడా జరుగుతుంది, ముఖ్యంగా డబ్లిన్, గాల్వేలలో. ఆ సంతోషం వేరు. కానీ టేబుల్ దగ్గర తెలుగు రాని మూడో మనిషి కూర్చుని ఉంటే ఇంగ్లీషులోకి మారండి. ఇద్దరు తెలుగులో మొదలుపెడితే మిగతావాళ్ళు పళ్ళాలు తీసుకుని పక్కకి జరగడం క్షణాల్లో జరుగుతుంది.

7. పిలుపు స్పష్టంగా ఉండాలి

"ఎప్పుడైనా కలిసి తిరుగుదాం" అంటే ఎవరూ రారు. "రేపు పొద్దున తొమ్మిదిన్నరకి డూలిన్ నుంచి కొండచరియల మీదుగా నడిచి వెళ్తున్నాను, తిరిగి బస్సులో వస్తాను, వస్తారా? వేరే పనుంటే పర్లేదు" అనండి. సమయం, చోటు, తిరిగి వచ్చే దారి, కాదనడానికి వీలు అన్నీ ఒకే మాటలో ఉన్నాయి. అలా పిలిస్తే ఒకరైనా వస్తారు. ఎవరూ రాకపోయినా మీ ప్లాన్ మీకుంది, తొమ్మిదిన్నరకి బయల్దేరండి.

డూలిన్ నుంచి మోహర్ విజిటర్ సెంటర్ దాకా ఆ నడక సుమారు ఎనిమిది కిలోమీటర్లు. చరియలు అత్యధికంగా 214 మీటర్ల ఎత్తు. చాలా మేర అంచున కంచె ఉండదు, గాలి ఒక్కసారిగా తోస్తుంది. దారిలో కొన్ని భాగాలు భద్రత కోసం మూసేస్తుంటారు కాబట్టి ఆ ఉదయం రిసెప్షన్‌లో కనుక్కున్నాకే కదలండి. ఫొటో కోసం అంచుకి వెళ్దామనే దోస్తు మాట వినకండి.

కలిసి చేయడానికి బాగుండేవి ఇంకొన్ని. ఇనిష్ మోర్‌లో కిల్రోనన్ రేవు దగ్గర సైకిళ్ళు అద్దెకు తీసుకుని సముద్రపు అంచున ఉన్న రాతికోట డూన్ ఏంగస్ దాకా వెళ్ళడం. కిలార్నీ నేషనల్ పార్కులో టార్క్ జలపాతం వైపు నడక, అది 1932లో ఏర్పడిన ఐర్లండ్ మొదటి జాతీయ పార్కు. డబ్లిన్ నుంచి ఒక పూట గ్లెండలాక్, ఆరో శతాబ్దంలో మొదలైన మఠం, రెండు సరస్సులు. కిలార్నీ దగ్గరి కారన్‌టూహిల్ 1,038 మీటర్ల శిఖరం, ఐర్లండ్‌లో అదే ఎత్తైనది. నిన్న పరిచయమైన వాళ్ళ ధైర్యం చూసి మాత్రం దాన్ని ఎక్కకండి. మబ్బు దిగితే దారి కనపడదు. కొండమీద చిక్కుకుంటే 112కి గానీ 999కి గానీ ఫోన్ చేసి మౌంటెన్ రెస్క్యూ అడగాలి.

8. పబ్బుకి వెళ్ళడం, తాగకపోవడం

హాస్టల్ గుంపు రాత్రి పబ్బుకి బయల్దేరుతుంది. మందు తాగనని మీరు ఉండిపోకండి. ఐర్లండ్ పబ్బులో చూడాల్సింది సంగీతం. మూలన నలుగురైదుగురు ఫిడేలు, ఫ్లూటు, అకార్డియన్ పట్టుకుని కూర్చుంటారు, వేదిక ఉండదు, మైకు ఉండదు. దాన్ని సెషన్ అంటారు. డూలిన్ ఊరు దీనికే ప్రసిద్ధి. డబ్లిన్‌లో స్మిత్‌ఫీల్డ్‌లోని కాబుల్‌స్టోన్ పబ్బుకి వెళ్ళండి. దాని చుట్టూ హోటల్ కట్టాలనుకుంటే జనం వీధుల్లోకి వచ్చి అడ్డుకున్నారు, 2021లో నగర పాలక సంస్థ అనుమతి నిరాకరించింది. వాద్యకారుల దగ్గరున్న ఖాళీ కుర్చీలో కూర్చోకండి, అది రాబోయే ఫిడేలువాడిది. ఎవరైనా వాద్యం లేకుండా పాట ఎత్తుకుంటే గది మొత్తం నిశ్శబ్దమైపోతుంది, మీరూ మాట ఆపేయండి.

డబ్బు దగ్గర తెలుసుకోవాల్సిన పద్ధతి 'రౌండ్'. ఒకరు వెళ్ళి అందరికీ కొనుక్కొస్తారు, తర్వాత ఇంకొకరు. మీకోసం ఎవరైనా కొన్నారంటే మీ వంతు వచ్చినప్పుడు మీరు అందరికీ కొనాలి. అందులో తప్పించుకునేవాడిని ఐరిష్‌వాళ్ళు మరిచిపోరు. గిన్నిస్ అనే నల్ల బీరు ఒక పైంటు (పెద్ద గ్లాసు) ఆరు యూరోల పైమాటే, డబ్లిన్‌లో టూరిస్టులు చేరే టెంపుల్ బార్ వీధుల్లో ఇంకా బాగా ఎక్కువ. ఐదుగురికి కొనడమంటే మీ మంచం అద్దె అంత. కాబట్టి మొదట్లోనే "నేను రౌండ్‌లో లేను, నాది నేను తెచ్చుకుంటాను" అని చెప్పేయండి. ఎవరూ ఏమీ అనుకోరు. ఆల్కహాల్ లేని గిన్నిస్ చాలా పబ్బుల్లో దొరుకుతుంది, చూడటానికి అచ్చం అసలుదానిలాగే ఉంటుంది.

9. నలుగురు కలిస్తే కారు

డింగిల్ దగ్గర సముద్రపు అంచున ఉన్న స్లే హెడ్, కిలార్నీ నుంచి రింగ్ ఆఫ్ కెర్రీ అనే చుట్టుదారి లాంటి చోట్లకి బస్సులు తక్కువ. ముగ్గురు నలుగురు కుదిరితే ఒక రోజుకి కారు అద్దెకు తీసుకోవడం చవక. బండ్లు నడిచేది మనలాగే ఎడమవైపు, అందుకే అమెరికన్లూ జర్మన్లూ స్టీరింగ్ మీకే ఇస్తామంటారు. ఒప్పుకునేముందు ఆలోచించండి. కారు ఎవరి క్రెడిట్ కార్డు మీద ఉంటే గీతలు పడ్డప్పుడు డబ్బు వాళ్ళ ఖాతాలోంచి పోతుంది, కాంట్రాక్టులో పేరు లేనివాళ్ళు నడిపితే బీమా వర్తించదు. మన లైసెన్సుతో పర్యాటకులు నడపొచ్చు, ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా వెంట ఉంటే అద్దె కౌంటర్ దగ్గర వాదన తగ్గుతుంది. పెట్రోలు, అద్దె, ఇన్సూరెన్స్ ముందే లెక్కేసి బయల్దేరకముందే పంచుకోండి. టూరిస్టు కోచ్‌లు రింగ్ ఆఫ్ కెర్రీని అపసవ్యంగా తిరుగుతాయి, వాటికి ఎదురుగా ఇరుకు మలుపుల్లో వెళ్ళడం సరదా పని కాదు.

10. స్నేహానికీ జాగ్రత్తకీ గొడవ లేదు

పాస్‌పోర్టు ఎప్పుడూ లాకర్‌లో గానీ ఒంటి మీద గానీ ఉండాలి, కొత్త స్నేహితుడి బ్యాగులో కాదు. ఇంట్లో ఒకరికి మీ హాస్టళ్ళ జాబితా పంపండి. డార్మ్‌లో ఎవరైనా ఇబ్బంది పెడితే మొహమాటపడకుండా రిసెప్షన్‌కి వెళ్ళి గది మార్చమనండి. రాత్రి రెండింటికైనా అడగొచ్చు, కారణం పెద్దగా వివరించక్కర్లేదు. నిన్న కలిసి భోంచేసినంత మాత్రాన ఈ రోజంతా ఒకరితోనే తిరగాలన్న రూలు కూడా లేదు. "ఈ రోజు ఒక్కడినే తిరగాలనుంది" అనే మాట హాస్టల్‌లో అందరికీ అర్థమవుతుంది, వాళ్ళూ దానికోసమే ఒంటరిగా వచ్చారు.

చిన్న చిన్న విషయాలు కొన్ని. బస్సు దిగేటప్పుడు డ్రైవర్‌కి థ్యాంక్స్ చెప్పండి, అందరూ చెప్తారు. డబ్లిన్ సిటీ బస్సుల్లో నోట్లు తీసుకోరు, ముందే డబ్బు వేసుకుని వాడే లీప్ కార్డు కొనుక్కోండి. నీళ్ళ సీసాలు, క్యాన్ల మీద 15 లేదా 25 సెంట్లు డిపాజిట్ పడుతుంది, 2024 ఫిబ్రవరి నుంచి ఆ పద్ధతి వచ్చింది. ఖాళీవి సూపర్‌మార్కెట్ యంత్రంలో వేస్తే తిరిగి వస్తుంది. హాస్టల్‌లో పోగైన సంచి నింపుకుని వెళ్తే నలుగురికి టీ పొట్లాలూ బిస్కెట్లూ వస్తాయి.

11. విడిపోయేటప్పుడు

నంబర్లు మార్చుకోవడం బస్టాపులో హడావిడిగా కాకుండా ముందు రాత్రే చేసుకోండి. ఒకే దిక్కుకి వెళ్ళే నలుగురితో ఒక వాట్సాప్ గ్రూపు పెడితే తర్వాతి ఊళ్ళో ఎవరు ఏ హాస్టల్‌లో దిగారో తెలుస్తుంది, ముందు చేరినవాళ్ళు వంటగది బాగుందో లేదో కబురు పెడతారు. మిగిలిన బియ్యం, నూనె, పసుపు 'ఫ్రీ' అరలో వదిలేయండి, పసుపు డబ్బా మీద అది ఏమిటో రాయండి. తీసిన ఫొటోలు వారంలోపు పంపించండి. నెల దాటితే ఇక ఎప్పటికీ పంపరు.

"ఇండియాకి రండి" అని అందరం అంటాం. నిజంగా రావాలనుకుంటే నెల కూడా చెప్పండి. డిసెంబర్, జనవరి అయితే హైదరాబాద్‌లో ఎండ తగ్గి ఉంటుంది, సంక్రాంతికి ఊరికి తీసుకెళ్ళొచ్చు. పదిహేను డిగ్రీలకే చొక్కాలు విప్పి పార్కుల్లో పడుకునే ఐరిష్‌వాళ్ళని మే నెలలో మాత్రం విజయవాడకి పిలవకండి.